అనుమతి లేని ఆశ్రమానికి శిక్ష ఎంత? ముందు లోపల ఎవరున్నారో చూడాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. పక్క వీధిలో అద్దెకు తీసుకున్న రెండంతస్తుల ఇంట్లో మూడేళ్లుగా ఒక 'సేవాశ్రమం' నడుస్తోంది. కింద పిల్లలు, పై అంతస్తులో వృద్ధులు, మేడ మీది రేకుల గదిలో మతిస్థిమితం లేని ఇద్దరు ముగ్గురు. గేటుకు ఎప్పుడూ తాళం. గోడ మీద 'ప్రభుత్వ గుర్తింపు పొందినది' అంటూ ఒక రిజిస్ట్రేషన్ నంబరు. నెలనెలా విరాళం ఇస్తున్న మీకు ఈ మధ్య రాత్రిపూట అరుపులు వినిపించి అనుమానం వచ్చింది. అనుమతి లేకపోతే శిక్ష ఏమిటి, ఎవరు మూయిస్తారు, ఫిర్యాదు చేస్తే మీ పేరు బయటపడుతుందా అని అడిగారు.

నేను న్యాయవాదిని. మధ్యలో మూడేళ్లు ఒక జిల్లా బాలల సంక్షేమ సమితిలో సభ్యురాలిగా పనిచేశాను. ఇలాంటి ఇళ్ల గడపలు ఎక్కి దిగిన అనుభవంతో చెబుతున్నాను. మీరు రాసిన వివరాల్లో మీకు చిన్నదిగా అనిపించి ఒక్క వాక్యంలో దాటేసినది ఆ గేటు తాళం. అన్నిటికంటే విలువైనది అదే. ఎందుకో కాస్త ముందుకు వెళ్లాక తెలుస్తుంది.

మొదట గోడ మీది నంబరు సంగతి. దాన్ని చూసి వెనక్కి తగ్గినవాళ్లు ఎంతమందో లెక్కలేదు. అది దాదాపు ఎప్పుడూ సొసైటీ నంబరో, ట్రస్టు దస్తావేజు నంబరో అయి ఉంటుంది. కొందరు గొలుసుకట్టుగా పాన్ కార్డు, 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ, నీతి ఆయోగ్ దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల జాబితా) నంబరు కూడా రాయిస్తారు. వీటిలో ఏ ఒక్కటీ మనుషుల్ని ఇంట్లో ఉంచుకోవడానికి అనుమతి కాదు. సొసైటీ రిజిస్ట్రేషన్ అంటే నలుగురు కూడి ఒక సంఘం పెట్టుకున్నారని చెప్పే కాగితం. 80జీ అంటే మీరిచ్చిన విరాళానికి పన్ను మినహాయింపు. హోటలు పెట్టేవాడు తన వ్యాపార భాగస్వామ్య పత్రం చూపించి ఆహార భద్రత లైసెన్సు ఉందన్నట్టే ఇది. నేను తనిఖీకి వెళ్లిన ఒక చోట నిర్వాహకుడు ఏడు ధ్రువపత్రాలు ఫ్రేములు కట్టించి వరుసగా తగిలించాడు. ఉండాల్సిన ఎనిమిదోదే లేదు.

ఆ ఎనిమిదో కాగితం ఏదన్నది లోపల నిద్రపోతున్నవాళ్లను బట్టి మారుతుంది. మన దేశంలో 'ఆశ్రమాల చట్టం' అంటూ అన్నిటినీ కలిపిన ఒక్క చట్టం లేదు. పిల్లలుంటే ఒకటి, మానసిక అనారోగ్యం ఉన్నవారుంటే ఇంకొకటి, దివ్యాంగులుంటే మరొకటి. మీరు చెప్పిన ఇల్లు కనీసం రెండు చట్టాల కిందికి వస్తుంది. నిర్వాహకులు కూడా ఈ కలగాపులగాన్ని వాడుకుంటారు. పిల్లల శాఖవాళ్లు వస్తే 'ఇది వృద్ధాశ్రమం' అంటారు, వృద్ధుల గురించి అడిగితే 'ఇది అనాథాశ్రమం' అంటారు, ఇద్దరూ కలిసి వస్తే 'ఇది హాస్టల్' అంటారు.

పిల్లల విషయంలో ఆ మాటలు చెల్లవు. బాల న్యాయ చట్టం, 2015లోని 41వ సెక్షన్ ప్రకారం సంరక్షణ, రక్షణ అవసరమైన పిల్లలకు పూర్తిగా గానీ పాక్షికంగా గానీ వసతి కల్పించే ప్రతి సంస్థా రిజిస్టర్ కావాల్సిందే. ప్రభుత్వ నిధులు తీసుకుంటున్నారా లేదా అన్న దానితో పని లేదు. 'పాక్షికంగా' అన్న మాట చట్టంలోనే ఉంది కాబట్టి ఇంట్లో ముప్పైమంది వృద్ధులు, అయిదుగురు పిల్లలు ఉన్నా బాధ్యత తప్పదు. రిజిస్ట్రేషన్ గడువు అయిదేళ్లు. తర్వాత మళ్లీ చేయించుకోవాలి. ఎంతమందిని ఉంచుకోవచ్చో కూడా అందులోనే రాసి ఉంటుంది. 25 మందికని తీసుకుని 60 మందిని ఉంచుకున్నవాడు రిజిస్ట్రేషన్ ఉన్నా నిబంధన తప్పినట్టే.

రిజిస్టర్ చేయించకపోతే 42వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. దరఖాస్తు చేయడంలో ప్రతి 30 రోజుల ఆలస్యాన్నీ వేరే నేరంగా లెక్కిస్తారు. మూడేళ్లు నడిపినవాడి మీద ఈ లెక్క వేసి చూడండి, కాగితం మీద చాలా పెద్ద అంకె వస్తుంది.

కాగితం మీద అని ఊరికే అనలేదు. ఏడాది లోపు శిక్ష పడే ఈ నేరం నాన్ కాగ్నిజబుల్, అంటే మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టడానికి వీల్లేదు. పైగా బెయిలు దొరికే నేరం. మీరు స్టేషన్‌కు వెళ్లి 'అనుమతి లేకుండా నడుపుతున్నారు' అని ఒక్క ముక్క రాసిస్తే, స్టేషన్ డైరీలో రాసుకుని 'కోర్టుకు వెళ్లండి' అంటారు. వాళ్లను తప్పుపట్టలేం, చట్టం అలాగే ఉంది. 2021 సవరణ దీన్ని ఇంకా చిక్కు చేసింది. 2022 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ మార్పుతో మూడు నుంచి ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాలు కూడా నాన్ కాగ్నిజబుల్ అయ్యాయి. బెయిలు సులభంగా రాదు, కానీ పోలీసు నేరుగా కదలడు. ఈ సవరణ చేసినవారి ఉద్దేశం ఏదైనా, క్షేత్రంలో పనిచేసేవాళ్లకు ఇది కాలికి కట్టిన బండే.

ఇక్కడే మీ తాళం పనికొస్తుంది. పెద్దవాళ్లను వాళ్ల ఇష్టానికి విరుద్ధంగా బయటికి వెళ్లనీయకుండా ఉంచడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చినది) లోని 127వ సెక్షన్ కింద అక్రమ నిర్బంధం. ఇది కాగ్నిజబుల్ నేరం, అంటే పోలీసులు నేరుగా కేసు కట్టవచ్చు. మామూలుగా ఏడాది వరకు శిక్ష. నిర్బంధం మూడు రోజులు దాటితే మూడేళ్ల వరకు, పది రోజులు దాటితే అయిదేళ్ల వరకు. భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చినది) 174వ సెక్షన్‌లో ఒక మంచి వెసులుబాటు ఉంది. ఒక కేసులో రెండు మూడు నేరాలుండి వాటిలో ఒక్కటైనా కాగ్నిజబుల్ అయితే మొత్తం కేసునే కాగ్నిజబుల్‌గా చూడాలి. అంటే తాళం గురించిన ఒక్క వాక్యం మీ ఫిర్యాదులో ఉంటే రిజిస్ట్రేషన్ లేదన్న ఆరోపణ కూడా దాని భుజమెక్కి ఎఫ్‌ఐఆర్‌లోకి వస్తుంది. అంతేకాదు, అదే సంహితలోని 100వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేట్ గానీ, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ గానీ, మొదటి తరగతి మేజిస్ట్రేట్ గానీ నిర్బంధంలో ఉన్నవారిని వెతకడానికి సెర్చ్ వారంట్ ఇవ్వవచ్చు. మన దగ్గర సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ అంటే ఆర్డీవోనే. కోర్టు వరండాలో నిలబడక్కరలేదు, ఆర్డీవో కార్యాలయంలో అర్జీ ఇచ్చినా చాలు.

గడువు విషయం కూడా గుర్తుంచుకోవాలి. ఏడాది లోపు శిక్ష ఉన్న నేరాల్లో ఏడాది దాటితే కోర్టు కేసు తీసుకోదు. నిర్వాహకుల తరఫు వకీళ్లు మొదట పట్టుకునే కొస ఇదే. కానీ రిజిస్ట్రేషన్ లేకుండా నడపడం రోజూ కొనసాగే నేరం, కొనసాగే నేరానికి గడువు రోజూ కొత్తగా మొదలవుతుంది. 'మూడేళ్ల నుంచి ఊరుకుని ఇప్పుడు వచ్చారేం' అని ఎవరైనా అంటే కంగారు పడకండి.

నా అనుభవంలో 42వ సెక్షన్ శిక్ష కోసం పనికొచ్చేది కాదు. తలుపు తెరిపించే తాళంచెవి అది. 41వ సెక్షన్‌లోనే ఇంకో మాట ఉంది: రిజిస్టర్ కాని సంస్థనైనా సరే, పిల్లలున్నారంటే తనిఖీ కమిటీ లోపలికి వెళ్లి చూడవచ్చు. 'మేము మీ పరిధిలోకి రాము, మాకు రిజిస్ట్రేషనే లేదు' అని వాదించిన పెద్దమనిషి ఒకరు నాకు నిజంగానే తగిలారు. ఆ కమిటీలో ముగ్గురికి తక్కువ కాకుండా ఉండాలి, ఒక మహిళ, ఒక వైద్యాధికారి తప్పనిసరి. మూడు నెలలకోసారి చూడాలి, వారంలో నివేదిక ఇవ్వాలి.

అసలు శిక్షలు తలుపు తెరుచుకున్నాక కనిపించే వాటికి పడతాయి. పిల్లల్ని చూసుకోవాల్సిన సంస్థలో పనిచేసేవారో, దాన్ని నడిపేవారో క్రూరంగా ప్రవర్తిస్తే బాల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు కఠిన కారాగారం, అయిదు లక్షల వరకు జరిమానా. ఆ క్రూరత్వం వల్ల పిల్లవాడికి అంగవైకల్యం గానీ మానసిక అనారోగ్యం గానీ వస్తే మూడేళ్లకు తగ్గకుండా పదేళ్ల వరకు. పిల్లల చేతికి హుండీ డబ్బా ఇచ్చి సిగ్నళ్ల దగ్గరికీ రైళ్లలోకీ పంపితే 76వ సెక్షన్, అయిదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా. దత్తత పేరుతో డబ్బు తీసుకుని బిడ్డను చేతులు మార్చితే 81వ సెక్షన్. బిడ్డ బాధ్యత చేతిలో ఉన్నవాడే ఆ పని చేస్తే మూడేళ్ల నుంచి ఏడేళ్లు. బాధితుడు దివ్యాంగుడైన బిడ్డ అయితే శిక్ష రెట్టింపు. లైంగిక నేరమైతే పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం. బాలల గృహం సిబ్బందే చేస్తే అది తీవ్రమైన కోవలోకి వెళుతుంది, శరీరంలోకి చొచ్చుకునే తీవ్ర లైంగిక దాడికి 20 ఏళ్లకు తగ్గదు. విషయం తెలిసీ దాచిన నిర్వాహకుడికి కూడా అదే చట్టం 21వ సెక్షన్‌లో ఏడాది వరకు జైలు ఉంది.

వీటిలో చాలామందికి తెలియనిది బాల న్యాయ చట్టంలోని 82వ సెక్షన్. క్రమశిక్షణ పేరుతో పిల్లవాణ్ని కొట్టిన సిబ్బందికి మొదటిసారి పది వేల జరిమానా అంతే. కానీ ఆ విచారణకు యాజమాన్యం సహకరించకపోతే? మూడేళ్లకు తగ్గని జైలు, లక్ష వరకు జరిమానా. కొట్టినవాడి కంటే దాచినవాడికి పెద్ద శిక్ష. రిజిస్టరు ఇవ్వను, పిల్లలతో మాట్లాడనివ్వను అని గేటు దగ్గర అడ్డం నిలబడ్డవాళ్లకు నేను ఈ సెక్షన్ చదివి వినిపించేదాన్ని. చాలాసార్లు అక్కడికక్కడే దారి ఇచ్చేవారు.

ఒక సంఘటన చెబుతాను. మేము ముందు రోజు కబురు పెట్టి ఒక గృహానికి వెళ్లాం. మంచాలు వరుసగా, మీద తెల్లటి దుప్పట్లు. హాజరు పట్టీలో 38 పేర్లు, నెలంతా ఒకే సిరాతో, ఒకే చేతి రాతతో, ఒక్క పిల్లవాడికీ ఒక్క రోజు కూడా జ్వరం రాలేదు. దుప్పటి మీద చెయ్యి వేస్తే మడత గీతలు ఇంకా పదునుగా ఉన్నాయి, ఒకదానికి దుకాణం చీటీ కూడా ఊడలేదు. వంటగదిలోకి వెళ్లి కడిగి బోర్లించిన స్టీలు పళ్లాలు లెక్కపెట్టాను, 61. 'అతిథులకు' అన్నారు. ఎనిమిదేళ్ల పిల్లవాడొకడు నా పక్కకు వచ్చి, మీరు వెళ్లాక ఈ దుప్పట్లు మళ్లీ బీరువాలో పెట్టేస్తారా అని అడిగాడు. ఫిర్యాదు చేస్తున్నానని వాడికి తెలియదు. పాపం, దుప్పటి నచ్చి అడిగాడు.

ఆ రోజు మేము చేసిన తప్పు ఏమిటంటే నోటీసు ఇచ్చి, పది రోజుల్లో సమాధానం అడిగి వచ్చేశాం. పిల్లల పేర్లు, ఊర్లు, తల్లిదండ్రుల వివరాలతో అక్కడే కూర్చుని జాబితా రాయలేదు. వారం తిరక్కుండా ఇల్లు ఖాళీ. రెండు ఆటోలు రాత్రిపూట తిరిగాయని పక్కింటివాళ్లు చెప్పారు. ఆ 61 పళ్లాలు ఎవరివో ఈ రోజుకీ నాకు తెలియదు. తర్వాత నుంచి ముందుగా కబురు పంపడం మానేశాం. మొదటి గంటలోనే జాబితా, ఆ జాబితాలో ఉన్న ప్రతి పిల్లవాడూ సమితి ముందుకు. నోటీసు ఆ తర్వాతే.

ఇక మేడ మీది రేకుల గది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం మానసిక అనారోగ్యం ఉన్నవారిని చేర్చుకుని సంరక్షణ, చికిత్స, పునరావాసం పేరుతో ఉంచుకునే ఏ చోటైనా మానసిక ఆరోగ్య సంస్థే. బంధువులు తమ ఇంట్లో చూసుకుంటే ఆ లెక్కలోకి రాదు, పరాయివాళ్లు ఆశ్రమంలో ఉంచితే వస్తుంది. రాష్ట్ర ప్రాధికార సంస్థ దగ్గర రిజిస్టర్ కావాలి. మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా చట్టం ఇచ్చిన నిర్వచనంలో ఉన్నాయి కాబట్టి ఊరి చివర వెలుస్తున్న 'డీ అడిక్షన్ సెంటర్' బోర్డులన్నీ దీని పరిధిలోవే. రిజిస్ట్రేషన్ లేకపోతే 107వ సెక్షన్ కింద మొదటిసారి 5 వేల నుంచి 50 వేలు, రెండోసారి 50 వేల నుంచి 2 లక్షలు, ఆ తర్వాత ప్రతిసారీ 2 లక్షల నుంచి 5 లక్షల జరిమానా. రిజిస్ట్రేషన్ లేదని తెలిసీ అక్కడ పనిచేసే మానసిక వైద్య నిపుణుడికి 25 వేల వరకు. ఈ సెక్షన్‌లో జైలు లేదు. మొదటి జరిమానా కింది మొత్తం చూశారుగా, ఒక దాత తన కొడుకు పుట్టినరోజుకు ఒక పూట భోజనాలకు ఇచ్చే డబ్బు అంతకంటే ఎక్కువే ఉంటుంది.

కానీ గొలుసు కనిపిస్తే కథ మారుతుంది. ఎవరినైనా ఏ రూపంలోనైనా గొలుసులతో కట్టేయడాన్ని ఈ చట్టంలోని 95వ సెక్షన్ పూర్తిగా నిషేధించింది. ఒంటరి గదిలో బంధించడాన్ని 97వ సెక్షన్ నిషేధించింది. వీటిని ఉల్లంఘిస్తే 108వ సెక్షన్ కింద మొదటిసారి ఆరు నెలల వరకు జైలు లేదా పది వేల వరకు జరిమానా లేదా రెండూ, మళ్లీ చేస్తే రెండేళ్ల వరకు జైలు. చట్టంలో గొలుసు మాట ఊరికే రాలేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో పాకల్లో నడుస్తున్న ఒక ప్రైవేటు మానసిక కేంద్రం తగలబడింది. గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోలేక 28 మంది చనిపోయారు. మీ వీధిలోని రేకుల గదికి ఎన్ని తలుపులున్నాయో, అవి ఏ వైపు నుంచి గడియ పడతాయో వీలైతే గమనించండి.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 గురించి క్లుప్తంగా: 50వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం లేకుండా దివ్యాంగుల సంస్థ నడపకూడదు. తప్పితే 89వ సెక్షన్ కింద మొదటిసారి పది వేల వరకు, తర్వాత 50 వేల నుంచి 5 లక్షల వరకు జరిమానా. దీని కంటే 92వ సెక్షన్ బలమైనది. దివ్యాంగుల్ని బహిరంగంగా అవమానించినా, అవమానించే ఉద్దేశంతో వారిపై దాడి చేసినా, తమ అదుపులో ఉన్నవారికి తెలిసి తెలిసి తిండి, ద్రవాలు ఇవ్వకపోయినా ఆరు నెలల నుంచి అయిదేళ్ల జైలు.

వృద్ధుల దగ్గరికి వచ్చేసరికి చట్టం చేతులెత్తేసిందనే చెప్పాలి. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం జిల్లాకొకటి చొప్పున 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాలు పెట్టమని రాష్ట్రాలకు చెప్పింది తప్ప, ప్రైవేటు వృద్ధాశ్రమాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయలేదు. 2019 డిసెంబరులో తెచ్చిన సవరణ బిల్లులో ఆ నిబంధన ఉంది. లోక్‌సభ రద్దవడంతో అది 2024లో మురిగిపోయింది. అంచేత రాష్ట్ర నియమాలు, స్థానిక సంస్థల అనుమతులు, అగ్నిమాపక నిబంధనల వైపు నుంచి నరుక్కురావాలి. లేదా నేను చెప్పిన అక్రమ నిర్బంధం, గాయపరచడం, మోసం వంటి మామూలు నేరాల కింద వెళ్లాలి. పింఛను కార్డులు, ఏటీఎం కార్డులు నిర్వాహకుడి బీరువాలో ఉంటే ఆ విషయం రాయడం మరచిపోవద్దు. వృద్ధులకు 14567 ఎల్డర్‌లైన్ ఉంది, అది చేసేది ప్రధానంగా సాయం, మధ్యవర్తిత్వం.

ఇన్ని సెక్షన్లు ఉండగా ఎందుకు మూయించరు అని మీకు కోపం రావచ్చు. నాకూ వచ్చేది, కుర్చీలో కూర్చునే వరకు. మూయించిన మరుక్షణం అధికారి ముందుండే ప్రశ్న ఒక్కటే: వీళ్లందరినీ ఈ రాత్రి ఎక్కడ పడుకోబెట్టాలి? నలభైమంది పిల్లలకు, పాతికమంది వృద్ధులకు ఒకేసారి చోటున్న ప్రభుత్వ గృహం ఉన్న జిల్లాలు తక్కువ. ఆ పిల్లల్లో చాలామంది అనాథలు కారు. తల్లో తండ్రో ఉండి, పేదరికం వల్ల వదిలినవాళ్లు. ఒక్కొక్కరి ఇల్లు వెతికి, విచారణ జరిపి, ఇంటికి పంపడమో వేరే గృహానికి మార్చడమో చేయడానికి వారాలు పడుతుంది. అందుకే చాలాసార్లు నోటీసు, గడువు, మళ్లీ నోటీసు. ఇందులో బద్ధకం ఉండదనను, లాలూచీ ఉండదని అసలే అనను. కానీ 'వెంటనే మూసేయండి' అని మాత్రమే రాసిన అర్జీ ఫైలులోనే ఉండిపోవడానికి పెద్ద కారణం ఇదే. 'ఫలానా రాత్రి ఫలానా వేళకు ఇది విన్నాను, ఇంతమంది పిల్లల్ని చూశాను, ఈ ఇద్దరికి వెంటనే వైద్యం కావాలి' అని రాసిన అర్జీ కదులుతుంది, ఎందుకంటే రేపు ఏదైనా జరిగితే ఆ తేదీ అధికారి మెడకు చుట్టుకుంటుంది.

రిజిస్ట్రేషన్ ఉంటే అంతా బాగున్నట్టేనా అంటే అదీ కాదు. బిహార్‌లోని ముజఫర్‌పూర్ బాలికా గృహం ప్రభుత్వ డబ్బుతో నడిచినదే, అధికారులు వచ్చిపోతూ ఉన్నదే. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ బృందం చేసిన సామాజిక తనిఖీతో 2018లో అక్కడి ఘోరం బయటపడింది. సుప్రీంకోర్టు విచారణను ఢిల్లీకి మార్చింది, 2020 జనవరిలో 19 మంది దోషులుగా తేలారు, ప్రధాన నిందితుడికి బతికున్నంత కాలం జైలు పడింది. తనిఖీ రిజిస్టర్లలో సంతకాలు పెట్టి వెళ్లిపోయినవాళ్లకు కనిపించనిది ఆ సామాజిక తనిఖీ బృందానికి తెలిసింది. రెండో వైపు చూస్తే, కేంద్రం 2016-17లో దేశమంతటా లెక్కతీసినప్పుడు 9,589 బాలల గృహాలు తేలాయి, వాటిలో బాల న్యాయ చట్టం కింద రిజిస్టరైనవి దాదాపు మూడో వంతే. 2017 మేలో సుప్రీంకోర్టు ఆ ఏడాది డిసెంబర్ 31లోగా అన్నిటినీ రిజిస్టర్ చేయాలని గడువు పెట్టింది. గడువుకు ముందు పరుగులు పెట్టి హాస్టళ్లుగా పేరు మార్చుకున్న వాటిని నేను చూశాను.

ఇప్పుడు మీరు చేయగలిగినది. పిల్లలున్నారు కాబట్టి ముందు 1098, పిల్లల సహాయ నంబరు. మీ పేరు చెప్పకుండానే సమాచారం ఇవ్వవచ్చు. అరుపులు వినిపిస్తున్న ఆ క్షణంలోనైతే 112. తర్వాత ఒకే అర్జీ రాసి నాలుగు ప్రతులు తీయండి: కలెక్టర్, బాలల సంక్షేమ సమితి, జిల్లా బాలల పరిరక్షణ విభాగం, ఆర్డీవో. 2021 సవరణ తర్వాత తనిఖీ నివేదికలు కలెక్టర్ దగ్గరికే వెళతాయి, రిజిస్ట్రేషన్‌కు సిఫారసు చేసేదీ ఆయనే, కాబట్టి కలెక్టర్ ప్రతి మీద అందినట్టు ముద్ర తప్పక వేయించుకోండి. మేడ మీది గది గురించి ఒక పేరా విడిగా రాసి, రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థకు పోస్టులో పంపండి. అర్జీలో 'దుర్మార్గులు', 'కసాయివాళ్లు' వంటి మాటలు వద్దు. మీరు కళ్లతో చూసినది, చెవులతో విన్నది, వేళతో సహా. అరుపులు కొట్టడం వల్లే అని మీరు తేల్చవద్దు, మానసిక అనారోగ్యంతో కూడా అరవవచ్చు. తేల్చడానికి వేరేవాళ్లున్నారు.

అర్జీతో పాటే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో ఒక దరఖాస్తు వేయండి. ఈ చిరునామాలోని సంస్థకు 41వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ ఉందా, ఉంటే ఎంతమందికి, చివరి రెండు తనిఖీల తేదీలు ఏమిటి. మూడు ప్రశ్నలు చాలు. మామూలుగా 30 రోజులు, ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించినదైతే 48 గంటలు. 'రిజిస్ట్రేషన్ లేదు' అని శాఖే సంతకం పెట్టి ఇచ్చిన జవాబును మించిన సాక్ష్యం నాకు ఏ కేసులోనూ దొరకలేదు. అది చేతికొచ్చాక కూడా కదలిక లేకపోతే హైకోర్టులో రిట్ వేయడానికి దారి నున్నగా ఉంటుంది. ఈ దరఖాస్తు మీద మాత్రం మీ పేరు, చిరునామా ఉంటాయి. వీధిలో రోజూ ముఖాలు చూసుకోవాల్సినవారు కాబట్టి వేరే ఊళ్లో ఉన్న స్నేహితుడి చేత వేయించినా చెల్లుతుంది.

విరాళం నేటి నుంచి ఆపండి, కానీ గొడవ పడి ఆపవద్దు. అనుమానం వస్తే ఆటోలు వస్తాయని చెప్పానుగా. పాత రసీదులు, ఫోను చెల్లింపుల వివరాలు భద్రం చేయండి. ఎవరి పేరు మీద రసీదు ఇచ్చారు, డబ్బు ఎవరి ఖాతాకు వెళ్లింది అన్నవి వేరువేరు అయితే అదో కేసు. అక్కడ పిల్లలతో కేకు కోయించి తీసిన ఫోటోలు మీ ఫోనులో ఉండవచ్చు. వాటిని ఎక్కడా పెట్టకండి. సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెడితే బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా. దుర్బుద్ధి లేకపోయినా నేరమే. వీడియో తీసి సామాజిక మాధ్యమాల్లో పెడితే అందరూ కదులుతారని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. మొదట నోటీసు మీకే వస్తుంది.

ఇది చదువుతున్నవారిలో మంచి మనసుతోనే నలుగురు పిల్లల్ని చేరదీసి, కాగితాల జోలికి వెళ్లని నిర్వాహకులు కూడా ఉండవచ్చు. మీరు ఈ వారమే దరఖాస్తు పెట్టండి. నెలలో తాత్కాలిక రిజిస్ట్రేషన్ రాకపోతే దరఖాస్తు అందినట్టు ఇచ్చిన రసీదే ఆరు నెలల దాకా తాత్కాలిక రిజిస్ట్రేషన్‌గా చెల్లుతుంది. ఆరు నెలల్లో తేల్చని అధికారిపై శాఖాపరమైన చర్య తీసుకోవాలని కూడా చట్టంలో ఉంది. 42వ సెక్షన్ లెక్కపెట్టేది దరఖాస్తు చేయడంలో ఆలస్యాన్ని. ఆ లెక్క ఆగేది మీరు దరఖాస్తు ఇచ్చిన రోజునే. పాతిక మంది పిల్లలకు వెయ్యి చదరపు అడుగుల పడకగది అడుగుతారు. మీ ఇల్లు సరిపోకపోతే సంఖ్య తగ్గించి అడగండి, అబద్ధం రాయకండి.

మీరు అడిగిన ఇంటి విషయంలో ఈ రాత్రి నుంచే ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, అరుపు వినిపించిన వేళ, ఎంతసేపు, ఏ అంతస్తు నుంచి. తాళం ఎన్ని గంటలకు వేస్తున్నారు, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటోంది, లోపలివాళ్లు ఎవరైనా ఒంటరిగా బయటికి రావడం ఎప్పుడైనా చూశారా. పది రోజులు రాశాక అర్జీ ఇద్దామని ఆగవద్దు, 1098కి ఫోను ఈ రోజే చేయండి. నోటు పుస్తకం ఆ తర్వాత తలుపు తట్టేవాళ్ల కోసం.